బండి ముందే చెబుతుంది

కారు కొన్నావటగా అబ్బాయ్, చాలా సంతోషం. దుర్గమ్మ గుడి దగ్గర పూజ చేయించావు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించావు, గుమ్మడికాయతో దిష్టి తీయించావు. అన్నీ పద్ధతిగానే చేశావు. బానెట్ ఎత్తి లోపల ఒక్కసారైనా చూశావా అంటే మాత్రం తల గోక్కుంటున్నావు. ఆ స్టూలు ఇలా మంట దగ్గరికి లాక్కుని కూర్చో. అమ్మాయ్, నువ్వూ రా తల్లీ, స్టీరింగు పట్టే వయసు నీకూ వచ్చింది. మొక్కజొన్న పొత్తులు కాలేలోపు అయిపోయే ముచ్చట కాదిది, ఆ ఫోన్లు పక్కన పెట్టండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇవాళ వింటే మీకే నాలుగు డబ్బులు మిగులుతాయి.

మా చిన్నతనంలో కారు అంటే మూడే రకాలు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందూస్తాన్ మోటార్స్ వాళ్ళు చేసే అంబాసిడర్, బొంబాయి నుంచి వచ్చే ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్. అంబాసిడర్ అసలు ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బండి. 1950ల చివర్లో మన దగ్గర మొదలుపెడితే, 2014 దాకా పైరూపం పెద్దగా మారకుండానే నడిచింది. ఫియట్‌కి 1970ల నడుమ పద్మిని అని పేరు మార్చారు, జనం మాత్రం ఆఖరిదాకా ఫియట్ అనే పిలిచారు. అప్పట్లో చేతిలో డబ్బున్నంత మాత్రాన కారు వచ్చేది కాదు. డిపాజిట్ కట్టి, పేరు రాయించుకుని, ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. పెళ్ళినాడు బుక్ చేస్తే పెద్దాడి అక్షరాభ్యాసానికి కారొచ్చిందని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

మా పెదనాన్నగారికి రైస్‌మిల్లు ఉండేది, దాంతోపాటు ఓ తెల్ల అంబాసిడర్. ముందు కూడా అడ్డంగా ఒకటే పొడుగు సీటు, గేరు రాడ్డు స్టీరింగు పక్కన. ముందు ముగ్గురు, వెనక నలుగురు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు, డిక్కీలో అరిసెల డబ్బాలు, సందు దొరికితే ఓ బియ్యం బస్తా. పెళ్ళివారి ఇంటి ముందు ఆగితే దిగేవాళ్ళు దిగుతూనే ఉండేవాళ్ళు. ఆ పెళ్ళిళ్ళ సంగతి ఎత్తుకుంటే తెల్లారిపోతుంది గానీ, అది ఇంకో రోజు చెబుతా. ఇప్పుడు డ్రైవరు ముచ్చట వినండి.

ఇంటిల్లిపాదీ ఆయన్ని డ్రైవరు బాబాయ్ అనేవాళ్ళం. పెదనాన్నగారి ఎదుట కుర్చీలో కూర్చునే మనిషి కాదు. కానీ పొద్దున్నే బండి చూసి, "ఇవాళ కదలొద్దండీ" అన్నాడా, పెదనాన్నగారు మారుమాట లేకుండా పంచె సర్దుకుని అరుగు మీద కూర్చునేవారు. జిల్లా కలెక్టరుతో పనున్నా సరే. ఆ గౌరవం ఊరికే వచ్చింది కాదు. ఆయన కదలొద్దన్న రోజున బండి నిజంగానే కదలకూడదని ఆ ఇంట్లో అందరికీ అనుభవం.

తెల్లారుజామున కళ్ళాపి చల్లే వేళకి డ్రైవరు బాబాయ్ వచ్చేవాడు. ముందు బండి ఎక్కేవాడు కాదు. చుట్టూ ఒకసారి తిరిగేవాడు. వంగి కింద నేల చూసేవాడు, రాత్రి ఏమైనా కారిందా అని. తర్వాత బానెట్ ఎత్తి, ఇంజను ఆయిల్ పుల్ల బయటికి లాగి, భుజం మీది గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ లోపలికి దించి, మళ్ళీ లాగి, వెలుతురుకి ఎత్తి పట్టుకునేవాడు. రెండు గీతల మధ్య ఎక్కడుందో చూసేవాడు. అంతటితో వదలడు. ఆ ఆయిల్ చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూసేవాడు. గరుగ్గా తగిలితే లోపల ఏదో అరిగి పొడి రాలుతోందని అర్థం. పాలు కలిపిన టీ రంగులో తేలితే రేడియేటరు నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయని, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయుంటుందని అర్థం. అప్పుడు అయిదేళ్ళ పిల్లాణ్ణి నేను, పక్కనే నిలబడి చూసేవాణ్ణి.

ఆ తర్వాత రేడియేటరు మూత తీసి, ఇత్తడి చెంబుతో నీళ్ళు. ఆ నీళ్ళ దగ్గర కూడా పట్టింపే. మా డెల్టాలో కాలవ నీళ్ళకి ఇబ్బంది లేదు గానీ, మెట్ట ప్రాంతాలకి వెళ్ళినప్పుడు అక్కడి ఉప్పునీళ్ళు పోయనిచ్చేవాడు కాదు. ఆ నీళ్ళతో లోపల గార కట్టి సన్నటి గొట్టాలు పూడిపోతాయని, డబ్బాలో మన ఊరి నీళ్ళే మోసుకుపోయేవాడు. ఫ్యాన్ బెల్టు నడిమధ్య బొటనవేలితో నొక్కి బిగువు చూసేవాడు. బ్యాటరీ మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ చూసేవాడు. ఇవన్నీ అయ్యాకే చోక్ లాగి సెల్ఫ్ కొట్టడం.

చలికాలంలో సెల్ఫ్ మొరాయిస్తే హ్యాండిల్ కొట్టాలి. ఆ వంకర కడ్డీ బంపరు కింది కన్నంలోంచి దూర్చి తిప్పడమన్నమాట. కుర్రాళ్ళు సరదాగా ఎగబడేవాళ్ళు. ఆయన మాత్రం బొటనవేలు కూడా మిగతా వేళ్ళ పక్కనే పెట్టి పట్టుకోమనేవాడు. ఇంజను వెనక్కి తన్నిందంటే, కడ్డీని చుట్టి పట్టుకున్న బొటనవేలు, మణికట్టు రెండూ విరుగుతాయి. మీకు ఆ బాధే లేదు. బటన్ నొక్కితే చాలు. నవ్వకు అబ్బాయ్, ఆ బటన్ పలకని రోజు కూడా ఒకటి వస్తుంది.

ఇంకో అలవాటు చెబుతాను, ఇది మాత్రం మీరు కూడా నేర్చుకోండి. విజయవాడ నుంచి హైదరాబాదు పోయే దారిని అప్పట్లో తొమ్మిదో నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడది 65. ఆ దారిన వెళుతూ సూర్యాపేటలో టీకి ఆగడం రివాజు. టీ పావలా లోపే. అందరం టీ కోసం ఎగబడితే డ్రైవరు బాబాయ్ మాత్రం ముందు నాలుగు చక్రాల దగ్గరికీ పోయి, నడిమధ్య బుడిపె దగ్గరికి అరచెయ్యి తెచ్చి వేడి చూసేవాడు. మూడు ఒకలా ఉండి ఒక్కటి కాలిపోతోందంటే, దాని బ్రేకు పట్టేసి వదలడం లేదన్నమాట, లేకపోతే బేరింగులో గ్రీజు ఎండిపోయిందన్నమాట. ఒకసారి అలాగే వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి చటుక్కున తీసేశాడు. అక్కడే జాకీ ఎక్కించి, చక్రం విప్పించి, గ్రీజు పెట్టించాక గానీ బయల్దేరలేదు. రెండు గంటలు ఆలస్యం. పెదనాన్నగారు ఆ రెండు గంటలూ చెట్టు కింద పేపరు చదువుకున్నారు. చక్రం ఊడి రోడ్డు పక్కన గుంటలో పడడం కంటే చెట్టుకింద పేపరు చదవడం సుఖం కదా. మీ బండికి డిస్కు బ్రేకులు కాబట్టి మామూలుగానే బాగా వేడెక్కుతాయి, తాకొద్దు. దూరం నుంచే సెగ చూడండి, నాలుగింటిలో తేడా తెలుస్తుంది.

వేసవి ప్రయాణాలైతే చెప్పక్కర్లేదు. రెంటచింతల వైపు మే నెలలో వెళ్ళినవాడికి తెలుసు ఎండ సంగతి. ఆ వేడికి అంబాసిడర్ పెట్రోలు పంపులో పెట్రోలు ఆవిరైపోయి ఇంజనుకి అందేది కాదు. నడిరోడ్డు మీద బండి గునిసి ఆగిపోయేది. అప్పుడు పంపు చుట్టూ తడిగుడ్డ కట్టి, పది నిమిషాలు ఆగితే మళ్ళీ నడిచేది. అందుకే వేసవిలో ప్రతి డ్రైవరు దగ్గరా ఓ పాత తువ్వాలు, ఓ నీళ్ళ డబ్బా ఉండేవి. పెట్రోలు ట్యాంకుకి చిన్న చిల్లు పడితే ఒంటికి రుద్దే సబ్బు మెత్తగా చేసి పూసేవాళ్ళు. రేడియేటరు సన్నగా కారుతుంటే గుప్పెడు పసుపు వేసేవాళ్ళు, అది ఉబ్బి కన్నం పూడ్చేది. ఇవన్నీ ఊరు చేరడానికి మాత్రమే సుమా. ఊరు చేరాక కూడా పసుపుతోనే బండి నడిపిన మహానుభావులున్నారు. వాళ్ళ రేడియేటర్లు కారడం మానేశాయి, నీళ్ళు తిరగడం కూడా మానేశాయి.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు పోతాను. 1973లో అరబ్బు దేశాలకీ ఇజ్రాయెల్‌కీ యుద్ధం వచ్చింది, పెట్రోలు ధర ఒక్కసారిగా ఆకాశానికెక్కింది. ఆ నవంబరులో వాజ్‌పేయిగారు నిరసనగా ఎడ్లబండి ఎక్కి పార్లమెంటుకు వెళ్ళారు. మా పెదనాన్నగారు అంత దూరం పోలేదు గానీ, పక్క ఊరికి మళ్ళీ సైకిలు తీశారు. డ్రైవరు బాబాయ్ ఏం చేశాడో తెలుసా? టైర్లలో గాలి రోజూ చూడడం మొదలెట్టాడు. ఎయిర్ ఫిల్టరు దులిపి పెట్టాడు. ప్లగ్గులు విప్పి శుభ్రం చేశాడు. గాలి తక్కువైన టైరు బండిని వెనక్కి పట్టి లాగుతుంది, మూసుకుపోయిన ఫిల్టరు పెట్రోలు దండగగా తాగిస్తుంది. ధర తగ్గించడం మన చేతిలో లేదు, దుబారా తగ్గించడం ఉంది. నిన్న నువ్వు మైలేజీ రావడం లేదని గొణుగుతున్నావు చూడు, ముందు టైర్లలో గాలి ఎంతుందో చూశావా?

ఇక మేస్త్రీ దగ్గరికి వద్దాం. విజయవాడ ఆటోనగర్ పేరు మీరు వినే ఉంటారు. లారీలు, కార్లు, బాడీ బిల్డింగు, లేత్ పనులు, పాత సామాను, అన్నీ ఒక్కచోట. దసరా నాడు అక్కడ చూడాలి. పానాలు, జాకీలు, స్క్రూడ్రైవర్లు కిరసనాయిలుతో కడిగి, వరసగా పేర్చి, పసుపు కుంకాలు పెట్టేవాళ్ళు. ఆ రోజు పానా ముట్టరు. ఎంత పెద్దవాడి బండి ఆగిపోయినా సరే, రేపు రమ్మనేవాళ్ళు.

మా మేస్త్రీకి చదువు రాదు. అంకెలు మాత్రం పానాల మీద చూసి నేర్చుకున్నాడు. బండి తీసుకెళితే ముందు పానా పట్టేవాడు కాదు. "ఏమంటోంది?" అని అడిగేవాడు. ఏమైంది అని కాదు, ఏమంటోంది అని. తర్వాత ఇంజను స్టార్టు చేయించి, ఓ పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని, మొన ఇంజను మీద ఆనించి, పిడి తన చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. ఒకచోట, ఇంకోచోట, మరోచోట. చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో ఆ కడ్డీ వెంట చెవికి తెలిసిపోయేది. పక్కన కుర్రాళ్ళు ఎవరైనా మాట్లాడితే కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తేవాడు. పైనుంచి టకటక అంటే టాపెట్లు. లోపలి నుంచి బరువుగా ధన్ ధన్ అంటే బేరింగులు, ఇక ఆ బండి మీద ఇంటికి పోవద్దనేవాడు.

బండి మిస్సింగ్ కొడుతుంటే ఇంకో పద్ధతి. నాలుగు ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే తీసి చూసేవాడు. వైరు తీయగానే ఇంజను తడబడితే ఆ ప్లగ్గు పనిచేస్తున్నట్టు. తీసినా ఏ తేడా రాకపోతే దొంగ దొరికినట్టే. ఆ ప్లగ్గు విప్పి మొన చూసేవాడు. లేత గోధుమరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉందని. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ పోతోందని. తడిగా ఆయిల్ పట్టి ఉంటే రింగులు అరిగి, ఇంజను బోరుకు వచ్చిందని. నిక్షేపంలాంటి ఇంజను విప్పి పనులు పెంచే మేస్త్రీలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మా మేస్త్రీ మార్చిన పాత సామాను ప్రతిదీ పేపర్లో చుట్టి ఓనరు చేతిలో పెట్టేవాడు. అది ఆయన మర్యాద. మీరు కూడా ఏ షోరూంలో ఇచ్చినా సరే, తీసేసిన పాత సామాను చూపించమని అడగండి. అడగడంలో తప్పు లేదు, చూపించడానికి వాళ్ళకి ఇబ్బంది ఉండకూడదు.

పొగ సంగతి కూడా ఆయన దగ్గరే తెలిసింది. పెట్రోలు బండికి నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ మండుతోంది, గాలి చాలడం లేదు. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ కాలిపోతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తూ రేడియేటరు నీళ్ళు తగ్గిపోతుంటే గ్యాస్కెట్ పోయింది. చలికాలం పొద్దున్నే కాసేపు సన్నగా తెల్లటి ఆవిరి రావడం మామూలే, దానికి కంగారు పడి మేస్త్రీ దగ్గరికి పరుగెత్తకండి. ఈ మూడు రంగులూ అంబాసిడర్ నాటివే, మీ పెట్రోలు బండికీ అవే వర్తిస్తాయి.

ఇంకో మనిషి గుర్తొస్తున్నాడు. మా ఊళ్ళోనే ఒక కాంట్రాక్టరుగారు, పేరెందుకులే. ఆయన ఫియట్ ఎప్పుడు చూసినా తళతళలాడేది. రోజూ ఇద్దరు పనివాళ్ళు తుడిచేవాళ్ళు, సీట్లకి కుట్టు తొడుగులు, డ్యాష్‌బోర్డు మీద ప్లాస్టిక్ పూలు, వెనక అద్దం దగ్గర తల ఊపే బొమ్మ. పైన పటారం, లోన లొటారం. ఆయిల్ మార్చమంటే, "బాగానే నడుస్తోందిగా" అనేవాడు. ఆయిల్ లైటు వెలిగితే, ఆ లైటే పాడైందన్నాడు. ఒకరోజు గుంటూరు దారిలో ఇంజను పట్టేసింది. లారీకి తాడు కట్టి లాక్కొచ్చారు. మార్చాల్సిన ఆయిల్ డబ్బాకి అయ్యే ఖర్చెంత, కొత్త ఇంజను పనికి అయిన ఖర్చెంత? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే అదే.

తర్వాత 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మొదటి తాళాలు ఇందిరాగాంధీగారి చేతుల మీదుగా ఇచ్చారు. ధర యాభై వేల లోపే. చిన్న బండి, నాజూకు ఇంజను, అంతంతమాత్రపు చోటు. "ఇది మన రోడ్ల మీద ఎన్నాళ్ళుంటుంది" అని అంబాసిడర్ ఓనర్లు పెదవి విరిచారు. అది ముప్ఫై ఏళ్ళు నడిచింది. అప్పటినుంచే జనానికి పొద్దున్నే బానెట్ ఎత్తే పని తగ్గింది. కొత్త శతాబ్దం వచ్చేసరికి కార్బొరేటర్లు పోయి ఇంజెక్షను వచ్చింది, పాయింట్లు గీకే పని పోయింది, హ్యాండిల్ పోయింది, చోక్ పోయింది. మంచిదే. మేలైన బండిని తప్పుబట్టే చాదస్తం నాకు లేదు. చిక్కల్లా ఒకటే, పని తగ్గిందని చూపు కూడా తగ్గించేశారు. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య పదివేల కిలోమీటర్లు అని పుస్తకంలో ఉంటే, ఆ పదివేలూ బండి వైపు చూడక్కర్లేదని అనుకుంటున్నారు.

ఇప్పటి బండి కూడా ముందే చెబుతుంది అబ్బాయ్, ఇంకా సులువుగా చెబుతుంది. డ్యాష్‌బోర్డు మీద లైట్లు అందుకే పెట్టారు. ఎర్రలైటు అంటే ఆగమని. నూనెబుడ్డి బొమ్మతో ఎర్రగా వెలిగితే ఆయిల్ ప్రెజరు లేదు, ఇంకో కిలోమీటరు కూడా వద్దు, పక్కకి తీసి ఇంజను ఆపెయ్యి. వేడి ముల్లు ఎర్రగీతకి ఎక్కితే ఏసీ ఆపి, పక్కన పెట్టి, చల్లారనివ్వు. వేడి మీద రేడియేటరు మూత తీశావా, మరిగే నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. బ్యాటరీ బొమ్మ వెలిగితే ఛార్జింగు అవడం లేదు, ఆల్టర్నేటరో దాని బెల్టో చూపించాలి. పసుపు రంగులో ఇంజను బొమ్మ వెలిగి నిలకడగా ఉంటే నెమ్మదిగా నడుపుకుంటూ ఒకటి రెండు రోజుల్లో చూపించు. అదే మినుకు మినుకుమంటుంటే బండిని తొందరపెట్టకు, వెంటనే మేస్త్రీ దగ్గరికి పోనీ. మన బంధువుల్లోనే ఒకాయన ఆ పసుపు లైటు కళ్ళకి అడ్డమొస్తోందని దాని మీద దేవుడి స్టిక్కరు అంటించాడు. దేవుడు ఎన్ని పనులు చూసుకుంటాడు పాపం.

చప్పుళ్ళు కూడా చెబుతాయి. బ్రేకు తొక్కగానే కీచుమంటే ప్యాడ్లు అరిగాయి. ఇప్పటి ప్యాడ్లు చాలావాటికి అరిగేసరికి అరిచే చిన్న ఇనుప రేకు కావాలనే పెడతారు. అప్పుడు మార్చకపోతే గరగరా రాపిడి మొదలవుతుంది, ఇనుము ఇనుమును తినేస్తుంది, ప్యాడ్లతో పోయేది డిస్కుల దాకా వస్తుంది. తొక్కితే బ్రేకు పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంటే లైనులో గాలి చేరింది, లేదా బ్రేకు ఆయిల్ కారుతోంది, దాంతో ఇక నడపొద్దు. ఆ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్పించాలి. స్టీరింగు బాగా తిప్పినప్పుడు టక్ టక్ మంటే ముందు యాక్సిల్ జాయింటు. వేగం పెరిగితే స్టీరింగు వణుకుతుంటే వీల్ బ్యాలెన్సింగు. వదిలితే బండి ఒక పక్కకి లాగుతుంటే ముందు గాలి, తర్వాత అలైన్‌మెంటు చూపించు. యాక్సిలేటరు తొక్కితే ఇంజను అరుస్తూ బండి మాత్రం అందుకోకపోతే క్లచ్ ప్లేటు అయిపోవచ్చింది. హాఫ్ క్లచ్ మీద నిలబెట్టే అలవాటు నీకుందని మీ అమ్మ చెప్పిందిలే. చప్పుడు వినపడకుండా పాటల సౌండు పెంచేవాళ్ళున్నారు చూశావా, వాళ్ళు మేస్త్రీలకి అన్నదాతలు.

అమ్మాయ్, కునుకు తీస్తున్నావా? ఆ పొత్తు తిప్పు, మాడుతోంది. ఇంకెంతో లేదు.

కింద మరక పడితే రంగు చూడండి. ముందు భాగంలో రంగూ వాసనా లేని నీళ్ళ చుక్కలు పడుతుంటే అది ఏసీ నీరు, భయం లేదు. నల్లగా గోధుమగా జిడ్డుగా ఉంటే ఇంజను ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీగానో ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంటు. చక్రం దగ్గర లేత పసుపు జిడ్డు ఉంటే బ్రేకు ఆయిల్, అది అన్నిటికన్నా చెడ్డది. టైరు చూసినా తెలుస్తుంది. నడిమధ్య అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే గాలి తక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంటు తప్పింది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టం కూడా ఒప్పుకోదు. మేం నున్నబడిన టైర్లకి పైపొర వేయించి నడిపిన రోజులవి, ఆ వేగాలు వేరు. నలభై, యాభై మీద పోయేవాళ్ళం. మీరు నూరు దాటిస్తున్నారు. స్టెప్నీలో గాలి కూడా చూడండి. పంక్చరైన రాత్రి డిక్కీ తెరిస్తే అదీ చప్పబడి ఉందంటే ఎవరిని తిడతారు?

వరద ముచ్చట ఒక్కటి చెప్పి ముగిస్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకి కాలనీలు మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్ళలో తేలాయో మీరే చూశారు. నీళ్ళు తీశాక ఆత్రం కొద్దీ తాళం తిప్పినవాళ్ళు ఎందరో. ఇంజను సిలిండర్లలో నీళ్ళుంటే అవి నలగవు. పైకి వచ్చే పిస్టను వాటికి కొట్టుకుని కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నీళ్ళు ఆరబెట్టించుకుని, ఆయిళ్ళు మార్పించుకుంటే బతికే ఇంజను ఆ ఒక్క తాళం తిప్పుతో పోతుంది. మునిగిన బండికి తాళం పెట్టొద్దు. బ్యాటరీ వైరు తీయించి, లాగించుకుని మేస్త్రీ దగ్గరికి చేర్చండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఎలుకల సంగతి మరిచిపోయాను. నాలుగు రోజులు కదలని బండిలో ఎలుకలు దూరి వైర్లు కొరుకుతాయి. మన వైపు బానెట్ కింద పొగాకు కట్ట పెడతారు. పెట్టినా నెలలకొద్దీ ఉంచితే లాభం లేదు, వాసన పోగానే మార్చాలి. అప్పుడప్పుడూ బానెట్ ఎత్తి చూస్తే అసలా కాపురాలే పెట్టవు.

డ్రైవరు బాబాయ్ దగ్గర ఓ చిన్న నోటుబుక్కు ఉండేది. ఏ తారీఖున, ఎన్ని కిలోమీటర్ల మీద ఆయిల్ మార్చాడో, ఎప్పుడు గ్రీజు కొట్టించాడో, ఏ టైరు ఎప్పుడు వేశాడో, అంతా వంకరటింకర అక్షరాలతో. ఆ అంబాసిడర్ని పెదనాన్నగారు అమ్మినప్పుడు కొన్నవాడు బండి కంటే ముందు ఆ బుక్కు చూశాడు. బేరం ఆడలేదు.

కాబట్టి అబ్బాయ్, అమ్మాయ్, మీ దగ్గర నేను అడిగేది ఎక్కువేం కాదు. ఆదివారం పొద్దున్న పది నిమిషాలు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ పుల్ల తీసి చూడండి, కూలెంటు గీతల మధ్య ఉందో లేదో చూడండి, బ్రేకు ఆయిల్ చూడండి, నాలుగు టైర్లూ స్టెప్నీ చూడండి, లైట్లన్నీ వెలుగుతున్నాయో లేదో ఒకరు లోపల కూర్చుని ఒకరు బయట నిలబడి చూడండి, నేల మీద మరక చూడండి. ఓ నోటుబుక్కు కొని గ్లోవ్‌బాక్సులో పెట్టండి. ఏదైనా కొత్త చప్పుడు, కొత్త వాసన, కొత్త వణుకు తెలిసిందా, ఆ వారంలోనే చూపించండి, వచ్చే సర్వీసు దాకా ఆగొద్దు. బ్రేకు, స్టీరింగు, ఆయిల్ లైటు, ఈ మూడింట్లో ఏది తేడా చేసినా ఆ రోజే, అక్కడే ఆపండి. బండిలో ఎక్కేది మీరొక్కరే కాదు, మీ పిల్లలు, మీ అమ్మానాన్నలు, దారిన పోయే ఎవరో అమాయకుడి ప్రాణం కూడా దాని బ్రేకు మీదే ఆధారపడి ఉంది. రేపు ఆదివారమే. ఏడింటికల్లా బానెట్ ఎత్తి ఉంచండి, ఆయిల్ పుల్ల ఎక్కడుందో నేనే వచ్చి చూపిస్తాను.